గొంతు కింద నీటి సంచి: జూన్‌లో తాగించిన మందు ఎందుకు పని చేయలేదు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది అచ్చంపేట దగ్గర, అడవి అంచున ఉన్న పల్లె. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క నాయనతో కలిసి గొర్రెలు కాస్తున్నాను. 62 జీవాలు ఉండేవి. రెండు బర్రెలు కూడా ఉన్నాయి. ఏటా సంక్రాంతి దాటాక మందను మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కిందికి తోలుకుపోతాం. మృగశిర కార్తెకు తిరిగి వస్తాం. ఈసారి వచ్చాక జూన్ చివర్లో దుకాణంలో కొన్న నట్టల మందు అన్నింటికీ తాగించాం. సీసా ఫొటో పంపుతున్నాను. అయినా ఆగస్టు ఆఖరు నుంచి జీవాలు చిక్కిపోతున్నాయి. సాయంత్రం మంద ఇంటికి వచ్చేసరికి కొన్నింటికి గొంతు కింద నీటి సంచి వేలాడుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. మా మామ చెబితే సెప్టెంబర్‌లో ఐవర్‌మెక్టిన్ సూది వేయించాం. లాభం లేదు. దసరా తర్వాత ఆరు చనిపోయాయి. అందులో రెండు ఏ వాపూ లేకుండా ఒక్క రాత్రిలో పోయాయి. కొందరు గొంతువాపు అంటున్నారు, కొందరు మైసమ్మకు మొక్కు తీర్చలేదంటున్నారు. రాత్రిళ్లు కుంటకు నీళ్లకొచ్చే దుప్పులే ఈ రోగం తెచ్చాయని, ఉచ్చులు పెడదామని ఇంకొందరు. వాపుతో చనిపోయినదాన్ని కోస్తే కార్జంలో ఆకుల్లాంటి పురుగులు కనిపించాయి. నెట్‌లో వెతికితే అమెరికా జింకల జలగ అని వచ్చింది. పురుగులు తీసేసి ఆ కార్జం వండుకుని తిన్నాం కూడా. ఇప్పుడు అదొక టెన్షన్. ఏం చేయమంటారు?
— పేరు వేయవద్దన్న పాఠకుడు

సమాధానం: తమ్ముడూ, ముందు నీ టెన్షన్ సంగతి చూద్దాం. వండి తిన్న కార్జం వల్ల మీకు ఈ జలగ రాదు. కార్జంలో కనిపించినవి పెద్ద జలగలు. అవి ఇంకొకరి కడుపులోకి పోయి అక్కడ కాపురం పెట్టలేవు. రోగాన్ని అంటించేది గడ్డికి, నీటి మొక్కలకు అంటుకుని ఉండే పిల్ల జలగ. మనిషికి వచ్చినా ఆ దారినే వస్తుంది. కుంట అంచున పెరిగిన ఆకు పచ్చిగా నమిలినా, కుంట నీళ్లు వడకట్టకుండా, కాచకుండా తాగినా రావచ్చు. పొన్నగంటి కూర, తూటికూర ఉడికించి తినేవాళ్లకు భయం లేదు. మేపుకు పోయినప్పుడు గట్టు మీద కూర్చుని గరిక పుల్ల కొరికే అలవాటు నీకుంటే మాత్రం మానేయి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ఏ వాపూ లేకుండా రాత్రికి రాత్రి చనిపోయిన ఆ రెండింటిని కూడా కోశారా? నువ్వు రాయలేదు. ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి రక్తం కారి, అది గడ్డకట్టకుండా ఉంటే అలాంటి జీవం మీద కత్తి పెట్టకూడదు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు, అది మనుషులకు అంటుకుంటుంది. ఎందుకు చచ్చిందో తెలియని జీవాన్ని కోసి ఊళ్లో పంచుకునే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో దీని గురించి మొత్తుకున్నాను. ఇప్పుడు పింఛను తీసుకుంటూ కూడా మొత్తుకుంటున్నాను.

ఇక జబ్బు సంగతి. నువ్వు కార్జం కోయకపోయినా నీ ఉత్తరంలోని ఒక్క వాక్యంతో సగం తెలిసిపోయేది. సాయంత్రానికి వేలాడుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది అన్నావు చూడు, అది. గొంతువాపు రోగమైతే అలా ఉండదు. ఆ వాపు వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే జీవం విదిలించుకుంటుంది, జ్వరం మండిపోతుంది, ఊపిరి గురగురలాడుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఇది చల్లటి వాపు. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. రక్తంలో మాంసకృత్తులు తగ్గిపోతే నీరు నాళాల్లో నిలవదు, బయటికి ఊరుతుంది. రోజంతా తల వంచి మేసిన గొర్రెకు ఆ నీరు దవడ కిందికి దిగుతుంది. రాత్రి తల ఎత్తి పడుకుంటే సర్దుకుంటుంది.

అయితే దవడ కింద నీరు చేరడానికి జలగ ఒక్కటే కారణం కాదు. నాలుగో కడుపులో రక్తం తాగే ఏలిక పాములు ఉన్నా అచ్చం ఇలాగే వస్తుంది. మన మందల్లో అది మరీ ఎక్కువ కూడా. కనురెప్ప కింది పొర వెనక్కి తిప్పి చూస్తే రెండింటిలోనూ పాలిపోయే ఉంటుంది. అందుకే చాలామంది, నాలాంటి డాక్టర్లతో సహా, వాపు చూడగానే ఏలిక పాముల మందు రాసేస్తారు.

నా కథ ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో హాలియా వైపు ఒక మందను చూశాను. గొంతు కింద వాపులు, తెల్లబడ్డ కళ్లు. పుస్తకం నాకు బాగా గుర్తుంది కదా, ఏలిక పాములే అని తేల్చి ఫెన్‌బెండజోల్ తాగించి వచ్చాను. రెండు వారాల్లో ఎనిమిది చచ్చాయి. మంద యజమాని పెద్దాయన, అక్షరం ముక్క రాదు, నన్ను తిట్టలేదు. కార్జం ఒకటి తట్టలో పెట్టుకుని ఆస్పత్రికి తెచ్చి నా ముందే కోశాడు. పైత్యపు గొట్టాలు నొక్కితే వేపాకు రెబ్బల్లాంటి జలగలు ఒక్కొక్కటే జారి పడ్డాయి. 'ఇవి నువ్వు తాగించిన మందుకు చావయి సారూ, మా తాతల కాలం నుంచి తెలుసు' అన్నాడు. ఆ రోజు నుంచి వాపు చూస్తే ముందు పేడ పరీక్ష చేయిస్తాను, లేదా చచ్చినదాని కార్జం చూస్తాను. మందు ఆ తర్వాతే.

నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది కూడా ఫెన్‌బెండజోలే. అది మంచి మందు, కల్తీది అనుకోకు. కడుపులో, పేగుల్లో ఉండే గుండ్రటి పురుగుల మీద బాగా పని చేస్తుంది. జలగను మాత్రం ఏమీ చేయదు. మీ మామ వేయించిన ఐవర్‌మెక్టిన్ సంగతీ అంతే. నట్టల మందు అని ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నట్టల్లో గుండ్రటి పురుగులు వేరు, బద్దె పురుగులు వేరు, జలగలు వేరు. సీసా మీద పేరు చదవకుండా 'నట్టల మందు ఇవ్వు' అని దుకాణంలో అడిగితే, అతను చేతికి అందింది ఇస్తాడు.

కానీ తమ్ముడూ, జూన్‌లో నువ్వు సరైన రకం మందు, అంటే జలగల మీద పని చేసే అల్బెండజోల్ ఎక్కువ మోతాదులో తాగించినా సగమే ఫలితం ఉండేది. ఎందుకో తెలియాలంటే ఈ జలగ ఎలా బతుకుతుందో కొంచెం ఓపికగా వినాలి. మీ మంద ప్రయాణం, దాని ప్రయాణం పక్కపక్కన పెట్టి చూడు.

కార్జంలో ఉన్న పెద్ద జలగ గుడ్లు పైత్యంతో పేగుల్లోకి, అక్కడి నుంచి పెంటికల్లోకి వస్తాయి. ఒక్క జలగ రోజుకు వేల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పొడి నేల మీద పడితే ఎండిపోతాయి. నీళ్లలో పడితే రెండు మూడు వారాల్లో పగిలి, కంటికి కనిపించని పిల్ల బయటికి వస్తుంది. దానికి కొన్ని గంటల్లోపల నత్త దొరకాలి, లేకపోతే చస్తుంది. మనం తినే పెద్ద నత్తగుల్ల దీనికి పనికిరాదు. లిమ్నియా అనే చిన్న నత్త కావాలి. పలుచటి గోధుమరంగు గుల్ల, మొనను పైకి, మూతిని మన వైపు పెట్టి పట్టుకుంటే ఆ మూతి కుడివైపు తెరుచుకుని ఉంటుంది. కాలువ ఒడ్డున, వరి మళ్లలో, కుంట అంచున పాచి మీద ఇవి కుప్పలుగా ఉంటాయి. నత్తలోకి దూరిన ఒక్క పిల్ల అక్కడ రెండు నెలలు అటూ ఇటూ పెరిగి వందల పిల్లలవుతుంది. అవి నీళ్లలోకి వచ్చి గడ్డి కాడలకు, నీళ్ల మట్టం దగ్గర, అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటాయి. ఆ గూడు ఆవగింజ కంటే చిన్నది. తడి ఉన్నంతకాలం నెలల తరబడి బతికే ఉంటుంది.

గొర్రె ఆ గడ్డి మేస్తే గూడు పేగులో విప్పుకుంటుంది. పిల్ల జలగ పేగు గోడను చిల్లి పొడిచి, కడుపు ఖాళీలో నుంచి పాకి కార్జంలోకి దూరుతుంది. వారాల తరబడి ఆ మెత్తటి కార్జాన్నే తింటూ సొరంగాలు తవ్వుతుంది. చివరికి పైత్యపు గొట్టంలో చేరి పెద్దదై గుడ్లు పెట్టడానికి, గడ్డి మేసిన రోజు నుంచి మూడు నాలుగు నెలలు పడుతుంది. అక్కడ చేరాక రక్తం తాగుతుంది. ఒక్కో జలగ వల్ల రోజుకు అర మిల్లీలీటరు వరకు రక్తం పోతుందని లెక్క. వంద జలగలుంటే 50 మిల్లీలీటర్లు. పాతిక కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే ఒకటిన్నర లీటరు పైచిలుకు.

ఇప్పుడు నీ తేదీలు చూద్దాం. కాలువ కింద యాసంగి వరి కోతలు ఏప్రిల్‌లో అవుతాయి. మంద ఆ మళ్లలో కొయ్యకాళ్ల మధ్య గడ్డి, బోదెల వెంట పచ్చిక మేసింది ఏప్రిల్, మే నెలల్లో. ఎండలకు మిగతా చోటంతా ఎండిపోయి అక్కడే పచ్చగా ఉంటుంది కనుక గొర్రె మొదలంటా కొరుకుతుంది. జూన్ చివర నువ్వు మందు తాగించే నాటికి ఆ జలగల వయసు నాలుగు నుంచి పది వారాలు. అంటే ఇంకా కార్జం కండలోనే తిరుగుతున్నాయి. అల్బెండజోల్ లాంటివి పైత్యపు గొట్టాల్లో స్థిరపడ్డ పెద్ద జలగనే చంపుతాయి, ఈ పిల్లలను ముట్టవు. ఆగస్టు ఆఖరుకు అవి పెద్దవయ్యాయి, వాపులు మొదలయ్యాయి. లెక్క సరిపోయింది కదా?

మైసమ్మ మొక్కు సంగతి నేను కాదనను. తీర్చుకోండి, మంచిదే. ఆ తల్లికి ఈ వాపుతో మాత్రం సంబంధం లేదు.

ఒక్క రాత్రిలో పోయిన రెండింటి గురించి ఉత్తరం చూసి తేల్చలేను. కుంట అంచున ఒకేసారి వందల గూళ్లు మేసిన గొర్రెకు, ఐదారు వారాలకు పిల్ల జలగలన్నీ కలిసి కార్జాన్ని చిందరవందర చేస్తాయి. లోపలే రక్తం కారి, వాపు రాకముందే చస్తుంది. అలాంటప్పుడు పేడ పరీక్షలో ఒక్క గుడ్డు కూడా కనిపించదు, ఎందుకంటే గుడ్డు పెట్టే వయసు జలగకు ఇంకా రాలేదు. పేగుల్లో విషం పుట్టే చిటుకు రోగమైనా ఇలాగే చంపుతుంది. ఇకముందు అలా ఏదైనా చనిపోతే మీరు కోయకుండా డాక్టర్‌ను పిలిచి పోస్టుమార్టం చేయించు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఇప్పుడు అసలు మాట. దుప్పులు తెచ్చాయా?

సంక్రాంతి తర్వాత మీరు కాలువ కిందికి పోయినప్పుడు రైతుల మళ్లలో మంద పెడతారు కదా, ఎరువు కోసం. గింజలో డబ్బులో ఇస్తారు. రాత్రంతా మంద అక్కడ పెంటికలు వేస్తుంది. తెల్లారి ఆ మడికే నీళ్లు పెట్టి దమ్ము చేసి నాట్లు వేస్తారు. జలగకు ఇంతకంటే ఏం కావాలి? గుడ్లు, నీళ్లు, నత్తలు అన్నీ ఒకేచోట. జనవరిలో పడిన గుడ్డు నత్తలో పెరిగి గడ్డికి అంటుకునే సరికి ఏప్రిల్. సరిగ్గా కోతలయ్యాక మళ్లీ మీలాంటి మందలే వచ్చి అదే మడిలో మేస్తాయి. ఆ జలగలతో జూన్‌లో ఊరికి వస్తారు. వానలకు కుంట నిండుతుంది, మంద కుంటకు పోతుంది, గుడ్లు కుంటలో పడతాయి. దసరా నాటికి నీళ్లు వెనక్కి తగ్గి, అంచున లేత గడ్డి మొలుస్తుంది. అందులో ఈసారి కుంట జలగలు. వాటిని మోసుకుని మళ్లీ సంక్రాంతికి కాలువకు. కాలువకూ కుంటకూ మధ్య ఈ జలగను ఏటా మోస్తున్నది దుప్పి కాదు తమ్ముడూ, మీ మంద. మీదొక్కటే కాదు, ఆ దారిన పోయే మందలన్నీ.

మీ ఇంట్లోనే ఇంకొకరున్నారు. మీ బర్రెలు. గొర్రె కుంట దగ్గరికి పోయి నీళ్లు తాగి వస్తుంది. బర్రె కుంటలో పడుకుంటుంది, పడుకున్న చోటే పేడ వేస్తుంది. బర్రెకు ఈ జలగలు పదుల్లో, వందల్లో ఉన్నా పైకి పెద్దగా తెలియదు. పాలు కాస్త తగ్గుతాయి, ఎదకు ఆలస్యంగా వస్తుంది, మనం దాణా చాలలేదు అనుకుంటాం. ఏళ్ల తరబడి కుంటలో గుడ్లు వదులుతూనే ఉంటుంది. గొర్రెలకు మందు తాగించి బర్రెలను వదిలేస్తే చేసిన పనంతా నీళ్లలో పోసినట్టే, నిజంగానే.

దుప్పి, కణుజు, మనుబోతు కూడా గడ్డి మేసే జీవాలే, వాటికీ ఈ జలగ రావచ్చు. కుంట అంచున మీ మంద వదిలిన జబ్బే రాత్రి వచ్చి అవి మేసి పోతాయి. వాటికి మందు తాగించేవాళ్లు లేరు. ఆ లెక్కన అడవి జీవాలకు మనమే బాకీ. ఉచ్చులు పెడితే మీ కుంటలో ఒక్క గుడ్డు కూడా తగ్గదు. అక్కడ ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసయితే నీ డిగ్రీ అక్కరకు రాదు. ఉచ్చుకు దుప్పే పడాలని కూడా లేదు. పులి పడొచ్చు, నీ గొర్రే పడొచ్చు. ఆ మాట ఎత్తినవాళ్లను నువ్వే ఆపాలి, నీ మాట వింటారో లేదో గానీ.

నెట్‌లో నువ్వు చూసిన అమెరికా జింకల జలగ నిజమే, ఉంది. పేరు ఫాసియోలాయిడిస్ మాగ్నా. ఉత్తర అమెరికాలో జింకల్లో ఉంటుంది. 1865లో అక్కడి వాపిటీ జింకలను ఇటలీలో ట్యూరిన్ దగ్గరి రాజుగారి వేటవనానికి ఓడలో తెచ్చారు, వాటితో జలగా వచ్చింది. జింక ఒంట్లో అది ఒక గూట్లో ఒదిగి ఉంటుంది, జింకకు పెద్ద నష్టం ఉండదు. అదే గొర్రెలోకి పోతే ఎక్కడా ఆగదు. కార్జాన్ని తవ్వుతూనే ఉంటుంది, నాలుగైదు జలగలకే గొర్రె చస్తుంది. అక్కడ 'జింకల వల్ల గొర్రెలకు' అనే మాటలో అర్థముంది. నీ ఫోన్ అక్కడి సంగతి తెచ్చి ఇక్కడ చూపించింది. మన దగ్గర ఉన్నది ఫాసియోలా జైగాంటికా. అది మన పశువుల జలగే.

సరే, ఏం చేయాలి. ఈ వారంలోనే వాపు ఉన్నవి నాలుగు, లేనివి నాలుగు, బర్రెలు రెండు, వీటి పెంటికలూ పేడా వేర్వేరు డబ్బాల్లో వేసి పశువుల ఆస్పత్రికి తీసుకుపో. జలగ గుడ్లు చూడాలని చెప్పు. ఆ గుడ్డు బరువైనది, మామూలుగా ఉప్పునీళ్లలో తేల్చి చూసే పరీక్షలో పైకి రాదు. అడుగున పేరుకోనిచ్చి చూడాలి. బంగారు రంగులో కనిపిస్తే కార్జం జలగ. రంగు లేకుండా ఉంటే పొట్ట జలగ, అంటే కడుపులో ఉండే ఇంకో రకం. రెండూ కలిసి ఉండటం మామూలే. ఏలిక పాముల సంగతి అదే పేడను ఉప్పునీళ్లలో తేల్చి చూస్తే తెలుస్తుంది, అదీ చూడమని చెప్పు.

మందు సంగతి డాక్టర్‌తో మాట్లాడు. ఇప్పుడు నీ మందలో కాలువ దగ్గర పట్టిన పెద్ద జలగలు, దసరాకు కుంట దగ్గర పట్టిన పిల్ల జలగలు, రెండూ ఉంటాయి. రెండింటినీ చంపేది ట్రైక్లాబెండజోల్. రెండు వారాల వయసు దాటిన పిల్లలను కూడా వదలదు. గొర్రెకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, పశువులకు 12. అది దొరక్కపోతే ఆక్సిక్లోజనైడ్. ఇది పెద్ద జలగలనే చంపుతుంది, కానీ పొట్ట జలగల మీద కూడా పని చేస్తుంది, ట్రైక్లాబెండజోల్ వాటిని చంపదు. పాలిచ్చే బర్రెకు ఏది ఇవ్వాలి, పాలు ఎన్ని రోజులు వాడకూడదు అనేది డాక్టర్‌ను అడగకుండా చేయొద్దు. క్లోసాంటెల్ అనే మందు కూడా దుకాణాల్లో దొరుకుతుంది. ఆరేడు వారాల వయసు దాటిన జలగల మీద మంచిదే గానీ, మోతాదు మించితే గొర్రెలకు, మేకలకు కళ్లు పోతాయి. 'కొంచెం ఎక్కువే పోద్దాం, గట్టిగా పని చేస్తుంది' అనే పెద్దలు మన దగ్గర తక్కువేం కాదు. ఆ మందు వాళ్ల చేతికి ఇవ్వకు.

తక్కువ పోసినా నష్టమే. చావగా మిగిలినవి మందుకు అలవాటు పడతాయి. ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలను 1995లోనే ఆస్ట్రేలియాలో చూశారు. కంటి అంచనా వద్దు. వేలాడే కాటా ఒకటి తెచ్చి మందలో బరువైనదాన్ని, నడిమిదాన్ని, చిన్నదాన్ని తూచి, మూడు గుంపులుగా చేసి కొలత పెట్టుకోండి. తాగించేటప్పుడు తల మరీ పైకి ఎత్తొద్దు, మందు ఊపిరితిత్తుల్లోకి పోయి గొర్రె దగ్గి దగ్గి చస్తుంది. నాయనకు ఇది తెలిసే ఉంటుంది, సాయానికి వచ్చే పిల్లలకు చెప్పు.

బాగా నీరసించిన వాటిని మందతో తోలకు. నీడన కట్టేసి పల్లి చెక్క, జొన్నలు, ఎండుగడ్డి పెట్టు. జలగ చచ్చినా పోయిన రక్తం, తగ్గిన మాంసకృత్తులు తిండితోనే తిరిగి రావాలి. వాపు దిగడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. సంచిని సూదితో పొడిచి నీళ్లు తీసేవాళ్లున్నారు. వద్దు, చీము పడుతుంది. మందు తాగించిన వాటిని సీసా మీద రాసిన గడువు దాటేదాకా కోతకు అమ్మొద్దు. కొన్ని మందులకు అది నెల దాటి ఉంటుంది.

తర్వాతి తేదీలు గోడ మీద రాసి పెట్టుకో. ఇప్పుడు తాగించాక, సంక్రాంతి ముందు, బయలుదేరడానికి వారం ముందు ఇంకోసారి. అప్పటికి ఇప్పుడు తప్పించుకున్న పిల్లలు పెద్దవై ఉంటాయి. మీ మంద కాలువకు గుడ్లు మోయకుండా పోతుంది. మూడోది జూన్‌లో ఇంటికొచ్చిన రోజున కాదు, రెండు మూడు వారాలు ఆగి. ట్రైక్లాబెండజోల్ అయితే అప్పుడు ఒక్కసారి చాలు. అది దొరక్క పెద్ద జలగల మందే ఇచ్చినట్టయితే, సెప్టెంబర్ మొదట్లో మళ్లీ తాగించాల్సిందే. బర్రెలకూ ఇదే లెక్క. గుండ్రటి పురుగుల మందు వేరు, దాని తేదీలు వేరు. పేడ పరీక్ష చూసి డాక్టర్ చెబుతాడు.

కుంట గురించి. మైలుతుత్తం చల్లి నత్తలను చంపుతామని కొందరు బయలుదేరతారు. చేపలు చస్తాయి, గొర్రెకు రాగి విషం, ఆ నీళ్లే మళ్లీ అవి తాగాలి. వద్దు. కుంట అంతా కాపాడటం మీ వల్ల కాదు, మంద నీళ్లు తాగే వైపు కాపాడుకుంటే చాలు. బోరు నీళ్లతో ఒక తొట్టి కట్టించి అక్కడ తాగించండి. తొట్టి పొర్లి చుట్టూ బురద కాకుండా రాళ్లు పరవండి, లేకపోతే తొట్టి దగ్గరే నత్తలు పుడతాయి. దసరా నుంచి సంక్రాంతి దాకా కుంట తగ్గుతూ లేత గడ్డి వదులుతుంది చూడు, ఆ అంచుకు సర్కారు తుమ్మ కంప అడ్డం వేసి మందను గుట్ట వైపు, బీళ్ల వైపు తోలండి. గొర్రె పచ్చదనం చూసి ఉరుకుతుంది, మనమూ కడుపు నిండుతుందని వదులుతాం. అంత పచ్చటి గడ్డి ఊరికే రాలేదని గుర్తుంటే చాలు. బర్రెల పేడ పెంటకుప్పలో వేసి రెండు మూడు నెలలు మగ్గనిస్తే ఆ వేడికి గుడ్లు చస్తాయి. వరిగడ్డి పచ్చిగా, తడిగా వేయొద్దు. బాగా ఎండబెట్టి వామి వేసి రెండు మూడు నెలలైన గడ్డితో భయం చాలా తక్కువ.

బాతులు నత్తలను తింటాయి. నల్లగొండ వైపు కోతలయ్యాక మళ్లలోకి బాతుల మందలు రావడం నువ్వు చూసే ఉంటావు. మీరు మేపబోయే మడిలో ముందు బాతులు తిరిగి ఉంటే కొంత మేలే. దాని మీదే ఆధారపడకు గానీ, రైతుతో మంద బేరం మాట్లాడేటప్పుడు అడిగితే పోయేదేం లేదు. బేరంలోనే ఇంకో మాట కూడా అడగండి. మంద పెట్టడానికి మెట్ట చేను ఇస్తే మేలు. వరి మడే ఇస్తే, కోతల తర్వాత అదే మడిలో మేపకండి. కాలువ బోదె గట్లు వదిలి, పత్తి మోడు ఉన్న చేలల్లో మేపుకోండి. పురుగు మందు కొట్టి ఎన్నాళ్లయిందో మాత్రం కనుక్కుని.

నీతో పాటు ఆ దారిన పోయే మిగతా మందల వాళ్లు నీకు తెలిసే ఉంటారు. సంక్రాంతి ముందు మందు మీ ఒక్క మందకే పడితే, పక్క మంద గుడ్లు అదే మడిలో పడతాయి. నలుగురైదుగురు కలిసి ఒకే రోజు తాగిస్తే ఖర్చూ కలిసొస్తుంది, డాక్టర్ కూడా పిలిస్తే వస్తాడు. పేడ పరీక్ష చీటీ వచ్చాక దాని ఫొటో పంపు. బర్రెల సంగతి విడిగా రాయి: చివరిసారి ఎప్పుడు ఈనాయి, ఇప్పుడు పూటకు ఎన్ని పాలు ఇస్తున్నాయి, కట్టాయా లేదా.